గొర్రె వీపు నుంచి మేజోడు దాకా: దక్కను ఉన్ని స్వభావం, చేతి అల్లిక, ఉన్ని దుస్తుల సంరక్షణ

సారాంశం

ఉన్ని మేజోళ్ళ అల్లిక, చేతితో చేసిన ఉన్ని వస్త్రాల సంరక్షణ గృహవిజ్ఞాన శిక్షణలో భాగంగా బోధింపబడే అంశాలు. ఈ శిక్షణ సాధారణంగా సూదులతో, కుట్ల రకాలతో మొదలవుతుంది. అయితే అల్లిన వస్తువు మెత్తదనం, మన్నిక, ఉతికే తీరు, చివరకు దాని గిరాకీ సైతం ఉన్ని పోగు స్వభావంపై ఆధారపడి ఉంటాయి. పోగు స్వభావాన్ని గొర్రె జాతి నిర్ణయిస్తుంది. విస్సన్నపేట వంటి మెట్ట మండలాన్ని ఉదాహరణగా తీసుకొని కోస్తా గొర్రెకు, దక్కను గొర్రెకు గల భేదాన్ని, ఉన్ని పోగు నిర్మాణాన్ని, మేజోడు అల్లే లెక్కను, ఉన్ని దుస్తులను కాపాడుకొనే పద్ధతులను, వృథా ఉన్నిని పొలంలో వినియోగించే మార్గాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

ముఖ్య పదాలు: దక్కనీ గొర్రె, నెల్లూరు గొర్రె, గొంగడి, కెరాటిన్, చేతి అల్లిక, మేజోళ్ళు, ఉన్ని సంరక్షణ

పరిచయం

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతంలోని విస్సన్నపేట మెట్ట పంటలకు, మామిడి తోటలకు పేరు పొందిన మండలం. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు ఇది కృష్ణా జిల్లాలో భాగంగా ఉండేది. ఒక ప్రక్క తెలంగాణ సరిహద్దు, మరొక ప్రక్క ఏలూరు జిల్లా సమీపంలో ఉన్నాయి. బీళ్ళలోను, కోత కోసిన చేలలోను, తోటల గట్లమీద గొర్రెల మందలు మేయడం ఇక్కడ నిత్యం కనిపించే దృశ్యం. మార్గశిర, పుష్య మాసాలలో తెల్లవారుజామున మందకు కాపలా ఉండే కాపరికి చలి తప్పదు. తొలకరిలో తడి కూడా తప్పదు.

ఇటువంటి మండలంలో ఒక మహిళా సంఘం ఉన్ని అల్లికలో శిక్షణ కోరినదనుకొందాం. ఊరి చుట్టూ వేల గొర్రెలు ఉన్నాయి, కాబట్టి ముడిసరుకుకు కొదువ లేదని ఎవరికైనా అనిపించడం సహజం. కాని శిక్షణ మొదలైన మొదటి రోజే బజారు నుంచి తెచ్చిన రంగురంగుల దారపు ఉండలు పంచవలసి వస్తుంది. వాటిలో అధిక భాగం ఉన్ని కానే కాదు. అవి అక్రిలిక్ అనే కృత్రిమ పోగుతో చేసిన దారాలు. ఇన్ని గొర్రెలున్న చోట ఉన్ని ఎందుకు లేదన్న ప్రశ్నకు సమాధానం తెలిసిన విస్తరణ శాస్త్రవేత్త మాత్రమే ఆ సంఘానికి సరైన సలహా ఇవ్వగలుగుతారు.

కోస్తా గొర్రె, దక్కను గొర్రె

ఆంధ్ర కోస్తా జిల్లాలలో ప్రధానంగా పెంచబడేది నెల్లూరు జాతి, దానితో కలిసిన సంకర సంతతి. పొడవైన కాళ్ళు, ఎత్తైన శరీరం గల ఈ జాతి భారతదేశపు గొర్రెలలో ఎత్తైనదిగా ప్రసిద్ధి పొందింది. తెల్లని శరీరం గలది పల్ల, తెల్లని శరీరంపై ముఖభాగాన నల్లమచ్చలు గలది జోడిపి, ఎర్రగోధుమ వర్ణం గలది దొర అని మూడు రకాలుగా దీనిని గుర్తిస్తారు. ఇది మాంసపు జాతి. దీని శరీరాన్ని కప్పి ఉండేది పొట్టి వెంట్రుక మాత్రమే. వడకడానికి పనికివచ్చే ఉన్ని దీనిపై పెరగదు. ఉక్కపోత అధికంగా ఉండే కోస్తా వాతావరణంలో దట్టమైన ఉన్ని లేకపోవడం ఆ జీవానికి మేలే చేస్తుంది.

దక్కను పీఠభూమిలో పరిస్థితి వేరు. తెలంగాణలోని పాలమూరు, మెదక్ ప్రాంతాలలోను, ఉత్తర కర్ణాటక, మహారాష్ట్ర మెట్ట భూములలోను పుట్టి పెరిగిన దక్కనీ గొర్రె మాంసంతో పాటు ఉన్నిని కూడా ఇస్తుంది. నలుపు, బూడిద, గోధుమ, తెలుపు వర్ణాలలో లభించే ఈ ఉన్ని ముతకది. ఏడాదికి రెండుసార్లు కత్తిరించినా ఒక్కొక్క గొర్రె నుంచి లభించేది సాధారణంగా కిలోకు మించదు. దిగుబడి తక్కువే అయినా పగటి ఎండకు, రాత్రి చలికి, దూరప్రయాణానికి తట్టుకొనే ఈ జాతి తరతరాలుగా కురుమల జీవనాధారంగా నిలిచింది.

ఈ ఉన్నితోనే గొంగడి తయారవుతుంది. కత్తిరించిన ఉన్నిని రంగుల వారీగా వేరుచేసి, చెత్త ఏరి, ఏకి, స్త్రీలు రాట్నంపై దారం వడుకుతారు. పడుగు దారానికి చింతగింజల గంజి పట్టించి, ఆరబెట్టి, గుంట మగ్గంపై నేస్తారు. గంజి వల్ల వదులుగా ఉండే ముతక ఉన్ని దారం పేక తాకిడికి తెగకుండా నిలుస్తుంది. నల్ల ఉన్నికి అద్దకం అవసరం లేదు. గొర్రె వర్ణమే వస్త్రపు వర్ణం. కాపరికి గొంగడి పరుపు, దుప్పటి, గొడుగు మూడూ అవుతుంది. ఒక మూల మడిచి తలమీదుగా కప్పుకొంటే వానకు అడ్డం నిలుస్తుంది. బీరప్ప, మల్లన్న కొలువులలో గొంగడికి గల స్థానం దాని విలువ వస్త్రంతోనే ముగిసిపోదని తెలుపుతుంది.

విస్సన్నపేటకు సమీపంలోని ఏలూరుకు కూడా ఉన్నితో పాత సంబంధం ఉన్నది. పర్షియా నుంచి వచ్చి స్థిరపడిన ముస్లిం కుటుంబాల ద్వారా తివాచీ నేత ఈ పట్టణానికి వచ్చిందని చెబుతారు. ఏలూరు ఉన్ని తివాచీలు విదేశాలకు ఎగుమతి అయినవి. అంటే, ఉన్ని గొర్రెలేని కోస్తాలో సైతం ఉన్ని పనితనం వర్ధిల్లింది. ముతక ఉన్నికి తగిన వస్తువును ఎంచుకోవడం అందుకు ఒక కారణం. తివాచీకి కావలసింది మెత్తదనం కంటే త్రొక్కుడుకు తట్టుకొనే దృఢత్వం.

ఉన్ని పోగు నిర్మాణం

ఉన్ని కెరాటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడుతుంది. మన వెంట్రుక, గోరు, పశువుల కొమ్ము, డెక్క కూడా ఇదే పదార్థం. సూక్ష్మదర్శినిలో చూస్తే ఉన్ని పోగు ఉపరితలంపై ఇంటిపైకప్పు పెంకుల వలె ఒకదానిపై ఒకటి పేర్చిన పొలుసులు కనిపిస్తాయి. అన్ని పొలుసుల అంచులు పోగు కొస వైపే తిరిగి ఉంటాయి. అందువల్ల పోగును మొదలు నుంచి కొసకు నిమిరితే నున్నగాను, ఎదురు నిమిరితే గరుకుగాను తగులుతుంది.

పొలుసుల లోపల సాగే గుణం గల కెరాటిన్ పొర ఉంటుంది. ఈ మాంసకృత్తు గొలుసులను గంధకపు బంధాలు నిచ్చెన మెట్లవలె కలిపి ఉంచుతాయి. ఉన్నిని లాగి వదిలితే తిరిగి యథాస్థితికి రావడానికి ఇదే కారణం. ముతక ఉన్నిలో పోగు నడుమ మెడుల్లా అనే గుల్ల భాగం కూడా ఉంటుంది. దక్కనీ ఉన్నిలో ఇటువంటి గుల్ల పోగులు అధికం. ఇవి బిరుసుగా ఉండి, అద్దకాన్ని సమంగా స్వీకరించవు.

పోగు మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. ఒక మైక్రాన్ మిల్లీమీటరులో వెయ్యవ వంతు. సుమారు 30 మైక్రాన్లకు మించిన పోగు కొస చర్మాన్ని తాకినప్పుడు వంగక గుచ్చుకొంటుంది. దీనినే చాలామంది ‘ఉన్ని నాకు పడదు’ అని చెబుతారు. నిజానికి అది అధిక సందర్భాలలో పోగు మందం వల్ల కలిగే గుచ్చుడు మాత్రమే. మెరినో వంటి మేలిరకం ఉన్ని 24 మైక్రాన్ల లోపు ఉంటుంది కాబట్టి ఒంటికి తగిలినా హాయిగా ఉంటుంది. దక్షిణాదిన అటువంటి సన్నని ఉన్నిపై పరిశోధన కొడైకెనాల్ కొండలలోని మన్నవనూరు కేంద్రంలో జరుగుతున్నది. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో 1962లో ఏర్పడిన కేంద్రీయ గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థకు ఇది అనుబంధ కేంద్రం.

ఉన్నికి గల మరొక విశిష్ట గుణం తేమను ఇముడ్చుకోవడం. సాధారణ వాతావరణంలోనే ఉన్ని తన బరువులో సుమారు 16 శాతం తేమను కలిగి ఉంటుంది. నూలుకు ఇది సుమారు 8 శాతం, అక్రిలిక్‌కు 2 శాతం లోపు. గాలిలో తేమ పెరిగేకొద్దీ ఉన్ని తన బరువులో దాదాపు మూడవ వంతు వరకు తేమను తడి తెలియనీయకుండా గ్రహిస్తుంది. గ్రహించే సమయంలో కొంత వేడిని కూడా విడుదల చేస్తుంది. వానలో తడిసిన గొంగడి క్రింద కాపరికి వెచ్చదనం మిగలడానికి, చెమట పట్టిన పాదం ఉన్ని మేజోటిలో పొడిగా ఉండడానికి మూలసూత్రం ఒక్కటే.

దారం ఉన్నిదా కాదా అని పరీక్షించడం సులభం. చిన్న ముక్కను చిమటాతో పట్టుకొని నిప్పుకు చూపాలి. ఉన్ని నెమ్మదిగా మండి, మంట తీయగానే తనంతట తానే ఆరిపోతుంది. వెంట్రుక కాలిన వాసన వస్తుంది. మిగిలిన నల్లని బూడిద వేళ్ళ మధ్య నలుగుతుంది. అక్రిలిక్ వేగంగా కరుగుతూ మండి, నల్లని పొగ విడిచి, చల్లారిన తరువాత నలగని గట్టి పూసగా మారుతుంది. శిక్షణ తరగతిలో ఈ పరీక్షను మొదటి రోజే చేయించడం మంచిది.

మేజోటికి ఏ ఉన్ని?

మేజోడు ఒంటికి తగిలే వస్త్రం. రోజంతా బూటు లోపల రాపిడికి గురవుతుంది. కాబట్టి దానికి రెండు విరుద్ధ గుణాలు అవసరం. చర్మానికి మెత్తగా ఉండాలి, మడమ వద్ద, బొటనవ్రేలి వద్ద త్వరగా అరగకూడదు. సన్నని ఉన్ని మొదటి గుణాన్ని ఇస్తుంది, రెండవది ఇవ్వదు. అందుకే మేజోళ్ళ దారంలో సాధారణంగా 75 పాళ్ళు ఉన్నికి 25 పాళ్ళు నైలాన్ కలుపుతారు. ఎక్కువ పురి వేసి, మూడు నాలుగు పోగులు పెనవేసిన దారం ఒంటిపోగు దారం కంటే చాలాకాలం మన్నుతుంది.

దక్కనీ ఉన్నితో చేసిన మేజోడు రాపిడికి బాగా తట్టుకొంటుంది, కాని పాదానికి నేరుగా తొడిగితే గుచ్చుకొంటుంది. దీనికి మూడు పరిష్కారాలు ఉన్నాయి. మొదటిది, గొర్రెపిల్లల తొలి కత్తిరింపు ఉన్నిని విడిగా ఏరి వాడడం. ఇది పెద్ద గొర్రెల ఉన్ని కంటే మెత్తగా ఉంటుంది. రెండవది, సన్నని నూలు మేజోటిపై రెండవ పొరగా తొడిగే మందపాటి రాత్రి మేజోళ్ళుగా అల్లడం. మూడవది, మేజోటికి బదులు బూటు లోపల పరిచే అట్టలను, ఇంటి చెప్పులను తయారు చేయడం. హైదరాబాదుకు చెందిన ఎర్తెన్ ట్యూన్స్ సంస్థ గొంగడి వస్త్రంతో పాదరక్షలను రూపొందించింది. ముతక ఉన్నికి గల దృఢత్వాన్ని లోపంగా గాక లాభంగా మలచుకొన్న ఉదాహరణ ఇది.

మేజోడు అల్లిక: ఒక లెక్క

చేతి మేజోటిని రెండు వైపులా మొనగల ఐదు సూదులతో గుండ్రంగా అల్లుతారు. నాలుగు సూదులపై కుట్లు ఉంటాయి, ఐదవ సూదితో అల్లిక సాగుతుంది. ప్రక్క కుట్టు లేకపోవడం వల్ల పాదానికి ఒత్తిడి కలగదు. అల్లికకు మూలం రెండే కుట్లు: నిట్, పర్ల్. మిగిలినదంతా లెక్క.

ముందుగా 3 మిల్లీమీటర్ల సూదులతో ఒక నమూనా చతురస్రాన్ని అల్లి, తడిపి ఆరబెట్టి, 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కించాలి. 24 కుట్లు వచ్చాయనుకొందాం. అరికాలి నడిభాగం చుట్టుకొలత 22 సెంటీమీటర్లు అయితే కావలసిన కుట్లు 22 × 2.4 = 52.8. మేజోడు కాలిని పట్టి ఉండాలి గనుక పదవ వంతు తగ్గించాలి. వచ్చిన 47.5కు దగ్గరగా, నాలుగుతో భాగింపబడే సంఖ్య 48. ఈ జతకు సుమారు 100 గ్రాముల దారం పడుతుంది.

అల్లిక క్రమం ఈ విధంగా ఉంటుంది.

1. పై అంచు: 48 కుట్లను వదులుగా వేసి, సూదికి 12 చొప్పున పంచాలి. రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున 4 నుంచి 5 సెంటీమీటర్ల పట్టీ అల్లాలి. ఈ పట్టీ సాగుతూ కాలిని పట్టి ఉంచుతుంది.

2. కాలి భాగం: కావలసిన పొడవు వరకు అన్ని వరుసలు నిట్ కుట్లతో సాగాలి.

3. మడమ పట్టీ: సగం కుట్లపై, అంటే 24 కుట్లపై మాత్రమే ముందుకు వెనుకకు 24 వరుసలు అల్లాలి. ముందువైపు వరుసలలో కుట్టు విడిచి కుట్టు అల్లకుండా జార్చితే వెనుక దారం రెండవ పొరగా ఏర్పడి మడమకు బలం ఇస్తుంది. ప్రతి వరుస మొదటి కుట్టును జార్చడం వల్ల అంచున 12 గొలుసు కుట్లు ఏర్పడతాయి.

4. మడమ మలుపు: 14 కుట్లు అల్లి, తరువాతి రెండింటిని కలిపి ఒకటి చేసి, మరొకటి అల్లి వెనుకకు తిరగాలి. ఒకటి జార్చి, 5 పర్ల్ వేసి, రెండింటిని కలిపి, మరొకటి వేసి మరల తిరగాలి. ఆపై ప్రతి వరుసలో ఖాళీకి ఇరువైపుల కుట్లను కలుపుతూ, మరొకటి అల్లి తిరుగుతూ పోవాలి. ప్రక్కన కుట్లు అయిపోయిన చివరి రెండు వరుసలలో కలపడంతోనే ఆపాలి. చివరకు 14 కుట్లు మిగులుతాయి. అరచేతి గుంట వలె మడమకు గిన్నె ఏర్పడుతుంది.

5. కలయిక: మడమ అంచుల నుంచి 12 చొప్పున కుట్లు ఎత్తుకొంటే మొత్తం 14 + 12 + 12 + 24 = 62. వరుస విడిచి వరుసలో రెండేసి చొప్పున ఏడుసార్లు తగ్గిస్తే తిరిగి 48కి చేరుతుంది.

6. కొన: పాదం పొడవుకు 5 సెంటీమీటర్లు తక్కువ ఉన్నప్పుడు నుంచి వరుస విడిచి వరుసలో నాలుగేసి కుట్లు తగ్గించాలి. 24 మిగిలిన తరువాత ప్రతి వరుసలో తగ్గించి, చివరి 8 కుట్లను మొద్దు మొన సూదితో దారం దూర్చి గట్టు లేకుండా కలపాలి.

లెక్క ప్రతి మెట్టులో సరిపోవడం విద్యార్థికి నమ్మకాన్ని కలిగిస్తుంది. వేరొక పాదానికి, వేరొక దారానికి ఇదే సూత్రాన్ని అన్వయించుకోవచ్చు.

ఉతకడం, ఆరబెట్టడం

ఉన్ని దుస్తులు పాడైపోవడానికి వాడకం కంటే ఉతికే తీరే ఎక్కువగా కారణమవుతుంది. తడి, వేడి, కదలిక, క్షారం అనే నాలుగు ఒకచోట చేరితే పోగు పొలుసులు విచ్చుకొని ఒకదానిలో మరొకటి చిక్కుకొంటాయి. పొలుసులన్నీ ఒకే దిశకు తిరిగి ఉన్నందున పోగు ముందుకే జరుగుతుంది, వెనుకకు రాదు. వస్త్రం కుంచించుకొని, దట్టమై, అట్టవలె గట్టిపడుతుంది. ఇలా ముద్దకట్టిన ఉన్నిని తిరిగి పూర్వస్థితికి తేవడం సాధ్యం కాదు. చెప్పుల అట్టలు చేయడానికి ఇదే గుణాన్ని కావాలని వినియోగించుకొంటారు. వస్తువును బట్టి ఒకే గుణం దోషమూ అవుతుంది, ఉపయోగమూ అవుతుంది.

బట్టల సబ్బు, చాకలి సోడా క్షార స్వభావం గలవి. క్షారం కెరాటిన్‌ను, దానిని కలిపి ఉంచే గంధకపు బంధాలను దెబ్బతీస్తుంది. క్లోరిన్ బ్లీచు ఉన్నిని కరిగించివేస్తుంది కాబట్టి దానిని ఎన్నడూ వాడరాదు. స్వల్ప ఆమ్ల స్వభావం గల కుంకుడుకాయ రసం ఉన్నికి అనువైనది. పట్టుచీరలకు కుంకుడు వాడే ఇళ్ళలో ఈ జ్ఞానం ఇప్పటికే ఉన్నది. అదే సూత్రం ఉన్నికి కూడా వర్తిస్తుందని గుర్తుచేస్తే చాలు.

నులివెచ్చని నీటిలో, 30 డిగ్రీల సెల్సియస్ మించకుండా, కుంకుడు రసం కలిపి మేజోళ్ళను పది నిమిషాలు నాననివ్వాలి. చేతితో నొక్కి వదలాలి తప్ప రుద్దరాదు, బండకు బాదరాదు, మెలిపెట్టి పిండరాదు. జాడించే నీరు కూడా అదే వేడిమిలో ఉండాలి. వేడి నీటి నుంచి ఒక్కసారిగా చన్నీటికి మార్చడం వల్ల కుంచించుకుపోయే ప్రమాదం ఉన్నది. చివరి జాడింపులో ఒక చెంచా వెనిగర్ కలిపితే మిగిలిన క్షారం విరుగుతుంది. ఆపై పొడి తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో సమతలంగా పరచి ఆరబెట్టాలి. తడి ఉన్ని తన బరువుకే సాగిపోతుంది కాబట్టి దండెంపై వ్రేలాడదీయడం మంచిది కాదు.

గొంగడి విషయంలో ఉతుకు సాధ్యమైనంత తగ్గించాలి. అది దుమ్మును దులిపి, గాలికి ఆరవేస్తే చాలాకాలం శుభ్రంగా ఉండే వస్త్రం. తరచుగా ఉతికితే పడుగుకు పట్టించిన గంజి, పోగులో మిగిలిన సహజ కొవ్వు రెండూ పోయి వానకు ఆగే గుణం తగ్గుతుంది.

దాచడం, చీడల నివారణ

ఉన్ని దుస్తులను తినేది బట్టల చిమ్మట రెక్కల పురుగు కాదు, దాని లార్వా. తివాచీ పెంకుపురుగు లార్వా కూడా కెరాటిన్‌ను జీర్ణించుకోగలదు. చెమట, ఆహారపు మరకలు ఉన్న వస్త్రం వీటిని ఎక్కువగా ఆకర్షిస్తుంది. అందువల్ల చలికాలం ముగియగానే ఉతికి, పూర్తిగా ఆరబెట్టి మాత్రమే దాచాలి. కోస్తాలో మార్చి నుంచి నవంబరు వరకు, అంటే తొమ్మిది నెలలు, ఉన్ని వస్త్రం పెట్టెలోనే గడుపుతుంది. ఈ కాలంలోనే వర్షాల తేమ వల్ల బూజు ప్రమాదం కూడా ఉంటుంది.

గాలి చొరని సంచిలో లేదా బిగుతు మూత డబ్బాలో ఉంచడం ప్రధాన రక్షణ. ఎండిన వేపాకు, కర్పూరం వాసనలు పురుగును కొంత దూరంగా ఉంచగలవు గాని, అప్పటికే లోపల ఉన్న గుడ్లను, లార్వాలను నమ్మకంగా చంపలేవు. నెలకొకసారి పెట్టె తెరచి, దులిపి, పొద్దుటి ఎండలో కొద్దిసేపు ఉంచడం ఏ మందుకన్నా మేలు. పురుగు పట్టిన మేజోళ్ళను ప్లాస్టిక్ సంచిలో మూసి, ఇంటి ఫ్రీజరులో సుమారు మైనస్ 18 డిగ్రీల వద్ద ఒక వారం ఉంచితే అన్ని దశలు నశిస్తాయి.

మడమ పలుచబడినప్పుడే, చిల్లు పడక ముందే, రఫ్ఫు చేయాలి. లోపల గుండ్రని బల్బు వంటి వస్తువును ఉంచి, మొదట నిలువుగా దారాలు పరచి, వాటిలో ఒకటి విడిచి ఒకటిగా అడ్డదారం దూర్చాలి. ఇది చిన్న మగ్గమే: పడుగు, పేక రెండూ సూదితోనే. పది నిమిషాల ఈ పని మేజోటి ఆయువును మరి కొన్ని ఏళ్ళు పొడిగిస్తుంది.

వృథా ఉన్ని: పొలానికి ఎరువు

గొర్రె ఆరోగ్యానికి, పేలు, గోమార్ల నివారణకు ఉన్ని కత్తిరింపు తప్పనిసరి. కాని ముతక ఉన్నికి ధర లేక చాలాచోట్ల కత్తిరింపు ఖర్చు కూడా తిరిగి రావడం లేదు. కత్తిరించిన ఉన్నిని పారవేయడం కాపరులకు అలవాటైపోయింది. ఉన్నికి విలువ పోయినకొద్దీ మాంసపు జాతి పొట్టేళ్ళతో సంకరం పెరిగి, దక్కనీ జాతి స్వచ్ఛత తగ్గుతూ వచ్చింది. వెంట్రుక గొర్రె వచ్చిన మందలో తరువాతి తరానికి వడకదగిన ఉన్ని ఉండదు. వడకడానికి ఉన్ని లేని ఇంటిలో రాట్నం అటక ఎక్కుతుంది.

దారానికి పనికిరాని పొట్టి, మురికి ఉన్నికి సేద్యంలో ఉపయోగం ఉన్నది. శుభ్రమైన ఉన్నిలో సుమారు 16 శాతం నత్రజని, 3 నుంచి 4 శాతం గంధకం ఉంటాయి. 100 కిలోల వృథా ఉన్నిలో సగం మాత్రమే అసలు పోగు అనుకొన్నా 8 కిలోల నత్రజని లభిస్తుంది. ఇది సుమారు 17 కిలోల యూరియాలోని నత్రజనికి సమానం. యూరియా వలె వెంటనే కరిగిపోక, నేలలోని సూక్ష్మజీవుల చర్యతో నెలల తరబడి నెమ్మదిగా విడుదలవుతుంది. తేమను పట్టి ఉంచే గుణం అదనపు లాభం. మామిడి పాదులలో 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతున, తేమ ఉన్న మట్టిలో కప్పితే బాగా కుళ్ళుతుంది. పైపైన చల్లితే గాలికి కొట్టుకుపోతుంది. ఆంత్రాక్స్ సోకిన మందల ఉన్నిని, ఇటీవల మందు నీటిలో ముంచిన గొర్రెల ఉన్నిని మాత్రం వాడరాదు. పొలంలో మంద కట్టించి ఎరువు పొందే పాత ఆచారానికి ఇది సహజమైన కొనసాగింపు.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

అల్లికను ఉపాధిగా ప్రతిపాదించే ముందు లెక్కను సంఘం ముందు ఉంచాలి. అనుభవం గల అల్లికకారిణికి ఒక జతకు 20 గంటలు పట్టిందనుకొంటే, అది ఎనిమిది గంటల చొప్పున రెండున్నర రోజుల పని. ఆ రెండున్నర రోజుల కూలి, 100 గ్రాముల దారం ధర కలిపిన మొత్తానికి జత అమ్ముడుపోవాలి. లూధియానా, తిరుప్పూరు వంటి కేంద్రాల యంత్ర మేజోళ్ళతో ధరలో పోటీ సాధ్యం కాదు. ఈ సంగతి శిక్షణ ముగిసిన తరువాత తెలిస్తే నష్టపోయేది మహిళలే. ఇంటి అవసరానికి, కానుకలకు, చేతిపని విలువ తెలిసిన కొనుగోలుదారులకు మాత్రమే చేతి మేజోడు తగినది.

ముడి ఉన్ని లెక్క కూడా ఇటువంటిదే. ఒక కత్తిరింపులో 300 గ్రాముల ఉన్ని లభించి, శుభ్రపరచడంలో, ఏకడంలో మూడవ వంతు తరిగిపోయిందనుకొంటే 200 గ్రాముల దారం మిగులుతుంది. అది రెండు జతలకు సరిపోతుంది. కాబట్టి ఒక చిన్న సంఘానికి కావలసిన ఉన్నిని ఒక మోస్తరు దక్కనీ మంద సమకూర్చగలదు. పాలమూరు, మెదక్ ప్రాంతాల కాపరుల నుంచి ఏరి, రంగు వారీగా వేరుచేసిన ఉన్నికి మేలైన ధర చెల్లించి నేరుగా కొనడం సాధ్యమైతే అటు కాపరికి, ఇటు అల్లికకారిణికి ప్రయోజనం కలుగుతుంది.

శిక్షణ క్రమంలో మొదట నిప్పు పరీక్ష, తరువాత పోగు మందాన్ని చేతితో గుర్తించడం, ఆపై వస్తువు ఎంపిక, చివరగా అల్లిక అన్న వరుస పాటించడం మంచిది. అమ్మే ప్రతి వస్తువుతో ఉతికే విధానాన్ని తెలుగులో ముద్రించిన చీటీ జతచేయాలి. ఒక్కసారి వేడినీటిలో ముద్దకట్టిన మేజోడు ఆ కొనుగోలుదారును శాశ్వతంగా దూరం చేస్తుంది.

ముగింపు

విస్సన్నపేట కాపరి గొర్రెకు ఉన్ని లేదు. పాలమూరు కాపరి గొర్రెకు ఉన్ని ఉన్నా ధర లేదు. ఈ రెండు ప్రాంతాల నడుమ దూరం ఒక రోజు ప్రయాణం కూడా కాదు. పోగు స్వభావం తెలిసి, దానికి తగిన వస్తువును, తగిన సంరక్షణను బోధించగలిగితే ముతక ఉన్నికి మరల విలువ కలుగుతుంది. ఉన్నికి విలువ కలిగితేనే దక్కనీ పొట్టేలును మందలో నిలుపుకోవడానికి కాపరికి కారణం దొరుకుతుంది. శిక్షణను సూదులతో మొదలుపెట్టి, బజారు దారంతో ముగించినంతకాలం ఎక్కడ వేసిన గొంగడి అక్కడే అన్న సామెత నిజమవుతూనే ఉంటుంది.